గంజాయి గింజల కారప్పొడి

రేపల్లెలో వెంకటరత్నం గారు ఇచ్చిన ఫిర్యాదు, తమ వీధిలో ఎవరో గంజాయి అమ్ముతున్నారని కాదు. అమ్ముతున్నదాంట్లో గంజాయి లేదని.

ఆయన ఉద్యోగ జీవితమంతా దస్తావేజులు రాసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న మనిషి. వీధిలో ఒకావిడ ఇచ్చిన కారప్పొడి ప్యాకెట్టు మీద ఆకుపచ్చటి ఆకు బొమ్మ చూశాడు. దాని కింద ‘రెండు ముద్దలు తినండి... గాల్లో తేలండి’ అని ఉంది. భార్య గుడికి వెళ్లిన సమయం చూసుకుని, వేడన్నంలో నెయ్యి పోసుకుని, రెండు ముద్దలకే తేలిపోయే అల్పప్రాణిని కాదనుకుని, సగం ప్యాకెట్టు కలుపుకుని తిన్నాడు. తర్వాత కళ్లజోడు పగలకుండా తీసి జేబులో పెట్టుకుని, పడక్కుర్చీలో కళ్లు మూసుకుని తేలడానికి సిద్ధంగా కూర్చున్నాడు. తేలలేదు. సాయంత్రానికి కడుపులో మంట మాత్రం పుట్టింది. ‘గంజాయి కలదని భ్రమ కల్పించి, గంజాయి ఏమాత్రమూ లేని పదార్థమును అంటగట్టి, వయోవృద్ధుడనైన నన్ను మోసగించినారు’ అని దస్తావేజు భాషలో రాసి, సంతకం పెట్టి, పై అధికారులకు పంపించాడు.

ఆ పొడి తెనాలిలో, చెంచుపేటలో, సునీల వంటింట్లో తయారైంది.

సునీల పొడులు చేయడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. కందిపొడి, కరివేపాకు పొడి, నువ్వుల పొడి, పల్లీ కారం. చెంచుపేటలో సగం ఇళ్లల్లో ఇడ్లీలు ఆమె పొడితోనే దిగుతాయి. కానీ ఆమె దగ్గర పొడి ఎవరూ కొనరు, ‘తీసుకెళతారు’. ఆమె ఎవరికీ అమ్మదు, ‘ఇస్తుంది’. వచ్చినవాళ్లు కూర్చుని, మంచినీళ్లు తాగి, పిల్లల సంగతులు మాట్లాడి, వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీదున్న స్టీలు గిన్నెలో డబ్బులు వేస్తారు. వేసేటప్పుడు వాళ్లు గిన్నెవైపు చూడరు, సునీల వాళ్లవైపు చూడదు. ధర ఎంతో సునీల నోటితో ఎన్నడూ చెప్పలేదు. కొత్తగా వచ్చినవాళ్లకి పాతవాళ్లు మెట్ల దగ్గర చెవిలో చెబుతారు. ధర పెంచాల్సి వస్తే, “ఈ ఏడు మిరపకాయలు మండిపోతన్నాయి వదినా” అని ఒకళ్లతో అంటుంది. మర్నాటి నుంచి గిన్నెలో పెద్ద నోట్లు పడతాయి.

ఈ పద్ధతి సునీల భర్త నాగమల్లేశ్వరరావు కోసం పుట్టింది. ఆయన దుగ్గిరాల దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మేనేజరు. వాళ్ల నాన్న హయాంలో పెద్ద మాగాణి. ఆ ఇంటి కోడలు పొడులు అమ్ముకుంటోందన్న మాట ఆయన చెవిన పడకూడదు. పడలేదు కూడా. ఫ్రిజ్, పెద్ద గ్రైండరు, మేడ మీద వేసిన టైల్సు ఆ గిన్నెలోంచే వచ్చాయి. అయినా ఎవరైనా అడిగితే ఆయన, “మా ఆవిడండీ, ఏదో తోచక చేస్తది” అనేవాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన నోట్లో సాధారణంగా ఆ పొడి కలిపిన ముద్ద ఉండేది.

అలా సాగుతున్న సంసారంలోకి ఫణీంద్ర వచ్చాడు. నాగమల్లేశ్వరరావు అక్క కొడుకు. హైదరాబాదులో ప్రకటనల కంపెనీలో పనిచేస్తూ, ఆ కంపెనీ తనకు తాను ప్రకటన చేసుకోలేక మూతబడితే తిరిగి తెనాలి చేరాడు. రెండు పూటలు అత్తయ్య చేతి భోజనం తిన్నాక అతనికి ఒక ఆలోచన వచ్చింది.

“అత్తయ్యా, నీ పొడులకి రుచుంది, పేరు లేదు. కొత్తదొకటి చేద్దాం. గంజాయి గింజల కారప్పొడి.”

సునీల చేతిలో గరిటె ఆగిపోయింది. “ఒరే ఫణీ, నీకు ఉద్యోగం పోతే నన్ను జైల్లో పెట్టిస్తావా?”

“గింజలత్తయ్యా! ఆకులూ పూతా అయితే తప్పు. గింజల్లో ఏం ఉండదు. తినొచ్చని గవర్నమెంటే ఒప్పుకుంది. ఉత్తరాది నుంచి బస్తాల్లో పంపుతారు. ఒంటికి మంచిదంట.”

“నువ్వులూ మంచివేగా.”

“నువ్వులంటే ఎవడొస్తాడత్తయ్యా?”

గింజలు వచ్చాయి. సునీల వాటిని చెరిగి, రాళ్లు ఏరి, సన్న సెగ మీద వేయించింది. అచ్చం నువ్వుల వాసన. ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు వేసి దంచింది. భయపడుతూనే కాస్త అన్నంలో కలుపుకుని తింది. తిన్నాక పొయ్యి దగ్గరే నిలబడి ఏమవుతుందోనని చూసింది. ఏమీ కాలేదు. ఆ సాయంత్రం పాలు కూడా పొంగనివ్వలేదు, అంత మెలకువగా ఉంది.

“ఏం లేదురా దీంట్లో” అంది మేనల్లుడితో.

“లేదని మనకి తెలుసు” అన్నాడు ఫణీంద్ర. “లేదని చెప్పమని ఎవరూ అడగలేదుగా!”

ప్యాకెట్టు మీద ఆకు బొమ్మ అతనే వేశాడు. గాల్లో తేలండి అన్నది అతని కవిత్వమే. పేరు దగ్గర సునీల పేరు పెడదామన్నాడు కానీ నాగమల్లేశ్వరరావు ఒప్పుకోలేదు. “మన ఇంటి ఆడవాళ్ల పేర్లు ప్యాకెట్ల మీద ఎందుకురా, తిని అవతల పారేస్తారు” అన్నాడు. అందుకని ‘అత్తయ్య గారి పొడులు’ అని వేశారు. ఏ అత్తయ్యో ఎవరికీ తెలియకుండా ఫోను నంబరొకటి ఇచ్చారు.

పదేళ్లుగా కందిపొడి తీసుకెళ్లినవాళ్లు ఒక్క నెలలో కందిపొడిని మర్చిపోయారు. పొద్దున్నే వచ్చేవాళ్లు సాయంత్రం చీకటి పడే వేళకి, అటూ ఇటూ చూసుకుంటూ రావడం మొదలుపెట్టారు. రిటైరైన లెక్కల మాస్టారొకాయన తన మోకాళ్ల నొప్పులు ఒక్క ముద్దతో పోయాయన్నాడు. ఎదురింటి ఆవిడ అత్తగారు ఇది తిన్నాక కోడల్ని తిట్టేటప్పుడు మధ్యమధ్యలో నవ్వుతోందట. బ్యాంకులో పనిచేసే అమ్మాయి లంచ్ బాక్సులో వేసుకెళితే ఆఫీసంతా ఒక్కొక్క చెంచా అడిగి పుచ్చుకుని, మధ్యాహ్నమంతా ఒకళ్లనొకళ్లు అనుమానంగా చూసుకున్నారట.

“ఏమన్నా అవుద్దంటావా సునీలా?” అని గుసగుసగా అడిగేవాళ్లు.

“తిని చూడండి” అనేది సునీల. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

రేపల్లెకు పొడి కనకరత్నం ద్వారా వెళ్లింది. ఆమె సునీలకు పిన్ని. రేపల్లె ప్యాసింజరులో ఒకసారి పక్కపక్కన కూర్చుని, సునీల కందిపొడి అన్నం, ఆమె చింతకాయ పచ్చడి పంచుకుని తిన్నారు. దిగేసరికి పిన్ని అయింది. అప్పటినుంచి నెలకోసారి వచ్చి సంచి నిండా పొడులు పట్టుకెళ్లి, రేపల్లెలో ఇరవై ముప్ఫై ఇళ్లకు ఇచ్చి, డబ్బులు కొంగున ముడేసి తెచ్చి ఫ్రిజ్ మీద గిన్నెలో పోసేది. రైలు టిక్కెట్టు తన డబ్బులతోనే కొనుక్కునేది. సునీల భోజనం పెట్టి, పండగకి జాకెట్టు గుడ్డ పెట్టేది.

వెంకటరత్నం గారి ఫిర్యాదు మీద ఆహార తనిఖీ అధికారి గిరీష్ వెళ్లింది ఈ కనకరత్నం ఇంటికే.

“అమ్మా, గంజాయి గింజల పొడి అమ్ముతారా?” అని అడిగాడు.

“మేం అమ్మం బాబూ. మాది అలాంటి కొంప కాదు” అని ఆమె తలుపు వేసేసింది.

పాపం అతను వీధి చివరదాకా వెళ్లి, అక్కడ విచారించి, పద్ధతి తెలుసుకుని తిరిగొచ్చాడు. “పిన్నీ, తెనాలి నుంచి పొడి వచ్చిందా?”

“రా అబ్బాయ్, ఎండన పడొచ్చావు, మజ్జిగ తాగు” అని కనకరత్నం లోపలికి పిలిచి, అన్నం పెట్టి, రెండు ప్యాకెట్లు చేతిలో పెట్టింది. అతను డబ్బిచ్చి బిల్లు అడిగితే నవ్వేసింది. “ఇంటికొచ్చినవాడికి బిల్లేంటయ్యా!” గిరీష్ పొడిని సీలు వేసి పరీక్షకు పంపాడు. మజ్జిగ సంగతి నివేదికలో రాయలేదు.

కొన్ని వారాలకు, ప్యాకెట్టు మీది ఫోను నంబరు పట్టుకుని తెనాలికి నోటీసు వచ్చింది. పరీక్షలో మత్తు పదార్థం ఏమీ తేలలేదు కాబట్టి పోలీసులు, కేసు, జైలు లేవు. కానీ లైసెన్సుగానీ రిజిస్ట్రేషన్‌గానీ లేకుండా గంజాయి గింజల ఆహార పదార్థంతో వ్యాపారం చేసినందుకు, వేయకూడని బొమ్మ వేసి లేని మత్తు ఉన్నట్టు ప్రచారం చేసినందుకు జరిమానా ఎందుకు విధించకూడదో బాపట్లకు వచ్చి చెప్పుకోవాలి. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉంది. పొడి దొరికింది రేపల్లెలో కాబట్టి విచారణ బాపట్లలో.

నాగమల్లేశ్వరరావు నోటీసు పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాడు. “గంజాయి! మా వంశంలో చుట్ట కాల్చినవాడు కూడా లేడు. ఏడిరా ఆ ఫణిగాడు?”

ఫణీంద్ర అప్పటికే ఒంగోలులో స్నేహితుడి పెళ్లికి వెళ్లాడు. ఆ పెళ్లి ఇప్పటికీ అవుతోంది.

సునీల నోటీసు తీసుకుని వంటింట్లోకి వెళ్లి చదివింది. భయంగానే చదివింది కానీ పైన ఒకచోట కళ్లు ఆగాయి. ‘శ్రీమతి సునీల, ఆహార వ్యాపారి, చెంచుపేట, తెనాలి’ అని ఉంది. ఆధార్ కార్డులో ఫలానా వారి భార్య అని ఉంటుంది. రేషన్ కార్డులో గృహిణి. ఇంటి పన్ను రసీదులో ఆమె లేనే లేదు. వ్యాపారి అని మొట్టమొదట గుర్తించింది తనని పట్టుకున్నవాళ్లే. కాగితం మడిచి పోపులడబ్బా పక్కన పెట్టి, మళ్లీ తీసి ఇంకోసారి చదువుకుంది.

లాయరు వరప్రసాదం నాగమల్లేశ్వరరావుకి చిన్ననాటి స్నేహితుడు. నోటీసు చూసి నవ్వాడు. “ఇదేం లేదురా. వ్యాపారం చేశారన్నారు. వ్యాపారం కాదని చెబితే సరిపోయె. చెల్లెమ్మా, నీ దగ్గర పొడి తీసుకెళ్లేవాళ్లంతా ఎవరు?”

“తెలిసినవాళ్లే అన్నయ్యా.”

“ఏమని పిలుస్తావు?”

“వదినా, పిన్నీ, బాబాయ్, అక్కయ్యా... అట్లాగే.”

“చూశావా! అందరూ బంధువులే. బంధువులకి ఇంట్లో చేసిన పొడి ఇస్తే వ్యాపారమెట్లా అవుద్ది? వాళ్లు ప్రేమకొద్దీ ఏదో చేతిలో పెడతారు. దీన్ని గృహిణి కాలక్షేపం అంటారు. నువ్వేం మాట్లాడక్కర్లేదు. మేడమ్ గారు అడిగితే ‘అవునండి’ అను, చాలు. ఆ ఒక్క ముక్క మీద కేసు కొట్టేస్తారు. కాకపోతే ఇకమీదట బయటివాళ్లకి ఇవ్వనని రాసివ్వాలి.”

“ఇవ్వకపోతే ఎట్లా?” అంది సునీల.

“మనిద్దరికీ చెయ్యి” అన్నాడు భర్త. “ఈ వయసులో నీకీ పొగా, దగ్గూ ఎందుకు? హాయిగా టీవీ చూసుకో.”

ఆ రాత్రి భోజనంలో ఆయన పొడి రెండుసార్లు వేయించుకున్నాడు.

బాపట్ల రైల్లో వరప్రసాదం సునీల చేత ‘అవునండి’ సాధన చేయించాడు. మరీ గట్టిగా అనకూడదు, మరీ భయంగా అనకూడదు. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కాస్త తల వంచి అనాలి. కనకరత్నం చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చి ఆఫీసు బయట వేపచెట్టు నీడన ఎదురుచూస్తోంది. ఆమెను సాక్షిగా రమ్మన్నది వరప్రసాదమే. కొత్త చీర కట్టుకుని, మెళ్లో గొలుసులన్నీ వేసుకుని వచ్చింది.

“నువ్వేం భయపడబాకమ్మాయ్. మీ పిన్ని ఉందిగా” అంది.

విచారణాధికారి ముప్ఫై అయిదేళ్లయినా లేని అమ్మాయి. ఎదురుగా ఫైలు, ఫైలు మీద ఆకు బొమ్మ ప్యాకెట్టు. వరప్రసాదం లేచి, తెలుగువారి ఆతిథ్యం గురించి, ఇచ్చిపుచ్చుకోవడం గురించి చాలాసేపు మాట్లాడి, “వీరంతా మా క్లయింటుకి బంధువులండి. ఈవిడ సాక్షాత్తూ పిన్నిగారు” అని ముగించాడు.

మేడమ్ కనకరత్నం వైపు చూసింది. “సునీల గారు మీకేమవుతారండి?”

“అమ్మాయండి.”

“మీ అమ్మాయా?”

“నా అమ్మాయి లాంటిదండి. నేను పిన్నినండి.”

“అంటే వాళ్లమ్మగారికి మీరు చెల్లెలు.”

“వాళ్లమ్మని నేనెప్పుడూ చూళ్లేదండి.”

వరప్రసాదం దగ్గాడు.

“మరి పిన్ని ఎలా అయ్యారు?”

“రైల్లో అండి.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మేడమ్ పెదాలు బిగబట్టి, ఫైలు తిప్పి, “గిరీష్ గారూ, మీరేంటి, నివేదికలో ‘పిన్ని గారి వద్ద సేకరించితిమి’ అని రాశారు?” అంది.

గిరీష్ లేచి నిలబడ్డాడు. “అలా అంటేనే ఇస్తారండి.”

“సరే. కనకరత్నం గారూ, ఈ పొడి తింటే మత్తొస్తుందని మీరు ఎవరికైనా చెప్పారా?”

“నేనెందుకు చెప్తానండి! జరిగిందే చెప్పా. మా ఆయన ఇది తిన్నాక నోరెత్తట్లేదండి. రెండు ముద్దలు తిని అటు తిరిగి పడుకుంటన్నాడు.”

“అంతకు ముందు?”

కనకరత్నం ఆలోచించింది. “అంతకు ముందూ అంతేననుకోండి. ఇప్పుడు దానికో కారణం దొరికింది.”

వరప్రసాదం ఆమెను కూర్చోబెట్టి, త్వరత్వరగా నాగమల్లేశ్వరరావుని లేపాడు. ఆయన చేతులు కట్టుకుని, కోల్డ్ స్టోరేజీ యజమాని ముందు నిలబడ్డట్టు వినయంగా నిలబడ్డాడు.

“మా ఆవిడకి వ్యాపారమంటే ఏంటో తెలీదండి మేడమ్. అమాయకురాలు. పూచికపుల్ల కొనాలన్నా నన్నే అడుగుద్ది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఏదో తోచక చేస్తదండి. ఆడవాళ్ల సరదా. తమకి తెలియందేముంది?”

మేడమ్ ఆయన్ని ఒక క్షణం చూసింది. తమకి తెలియందేముంది అన్నమాట దగ్గర ఆమె కలం మూత పెట్టడం సునీల గమనించింది.

“సునీల గారూ, మీరు లేవండి. లాయరు గారు చెప్పింది, మీవారు చెప్పింది విన్నారుగా. ఇది వ్యాపారం కాదు, కాలక్షేపం. అవునంటే, ఇకమీదట ఎవరికీ ఇవ్వనని రాసిస్తే, వదిలేస్తాను. అవునా?”

సునీల కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. తల కూడా కాస్త వంచింది. రైల్లో నేర్చుకున్నదంతా సవ్యంగానే చేసింది. ఆ ఒక్క మాట మాత్రం రాలేదు. ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు ముక్కుకి కట్టుకునే తడి తువ్వాలు గుర్తొచ్చింది. కిందటేడు వైరల్ జ్వరంలో, ఒక పెళ్లివారికి మాటిచ్చానని గ్రైండరు పట్టుకుని నిలబడి నలభై ప్యాకెట్లు పూర్తి చేసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఈయన గుమ్మంలోంచి, “నీకిది ఏం పిచ్చే, ఎవరు చెయ్యమన్నారు?” అన్నాడు. నిజమే, ఎవరూ చేయమనలేదు.

“కాదండి” అంది.

“ఏది కాదు?”

“కాలక్షేపం కాదండి. కాలక్షేపమైతే జ్వరమొచ్చిన రోజు మానేసేదాన్ని. అమ్ముతానండి.”

“చెల్లెమ్మా!” అన్నాడు వరప్రసాదం.

“ఎవరికి అమ్ముతారు?” మేడమ్ కలం మూత తీసింది.

“డబ్బులిచ్చినవాళ్లందరికీ.”

“ప్రేమకొద్దీ గిన్నెలో వేస్తారని లాయరు గారు అంటున్నారు.”

“గిన్నె పెట్టింది నేనేనండి.”

“మరి ఎవరైనా వేయకుండా వెళితే?”

“రెండోసారి వచ్చినప్పుడు పొడి అయిపోయిందని చెప్తానండి.”

ఈసారి గది అంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వింది. ఒక్క నాగమల్లేశ్వరరావు మాత్రం పైకప్పు వైపు, ఫ్యాను ఊడిపడితే బాగుండునన్నట్టు చూశాడు.

“ఇంకోటి కూడా రాసుకోండి మేడమ్” అంది సునీల. “దాంట్లో మత్తూ గిత్తూ ఏం లేదండి. నువ్వుల పొడికి అన్నలాంటిది, అంతే. మొదటి రోజే నాకు తెలుసు. తెలిసి కూడా ‘తిని చూడండి’ అన్నాను. ఆకు బొమ్మ నేను గీయలేదు కానీ, దాని మీదొచ్చిన డబ్బు తీసుకున్నది నేనే.”

“ఏం లేదా?” అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. కనకరత్నం.

“అమ్మా, మీరు ఒప్పుకుంటే నేను జరిమానా వేయాలి. తెలుసా?” అంది మేడమ్ సునీలతో.

“తెలుసండి. వ్యాపారి పేరు మీదే వేయండి.”

మేడమ్ రాసింది. చిన్న వ్యాపారం కాబట్టి, దాచకుండా చెప్పింది కాబట్టి పాతికవేలు. రిజిస్ట్రేషన్ చేయించుకున్నాకే మళ్లీ అమ్మాలి. ఆకు బొమ్మ, తేలడం రెండూ తీసేయాలి. ప్యాకెట్టు మీద తయారు చేసినవారి పేరు, చిరునామా ఉండి తీరాలి.

“పేరు ఉండాలాండి?” అంది సునీల.

“తప్పనిసరి.”

“అలాగేనండి” అంది. అంత ఇష్టంగా జరిమానా ఒప్పుకున్నవాళ్లను ఆ గది అంతకు ముందు చూసి ఉండదు.

వరండాలోకి రాగానే నాగమల్లేశ్వరరావు విరుచుకుపడ్డాడు. “ఒక్క ముక్క! అవునండి అనడానికి నోరు పెగల్లేదా? ఇంట్లో నేనేం అన్నా అంటావుగా!”

“ఇంట్లోనే అయిపోయినయ్యండీ, ఇక్కడికి మిగల్లేదు.”

“పాతికవేలు ఎవరు కడతారు?”

“గిన్నె కడుద్ది.”

వరప్రసాదం మాత్రం బయటికి రాగానే తన ఫీజు ఎవరిని అడగాలో తెలియక, భర్తవైపు ఒకసారి, భార్యవైపు ఒకసారి చూసి, చివరికి, “చెల్లెమ్మా, మా ఇంటికి నువ్వుల పొడి పంపు. మీ వదిన అడుగుతోంది” అన్నాడు.

“అలాగే అన్నయ్యా. రిజిస్ట్రేషనయ్యాక పంపుతా. ధర ప్యాకెట్టు మీదే ఉంటది” అంది సునీల.

కనకరత్నాన్ని రేపల్లె బస్సు ఎక్కించడానికి బస్టాండుకు వెళ్లారు. సునీల సోడా ఇప్పిస్తే ఆమె తాగలేదు. సిమెంటు బల్ల మీద కూర్చుని సంచీ ఒళ్లో పెట్టుకుంది.

“ఏం లేదని నాకు ముందే చెబితే నీ సొమ్మేం పోయిందమ్మాయ్? ఊరంతా నా మొహం చూసి తిన్నారు. ఆ వెంకటరత్నానికి నేనేం మొహం చూపించను?”

“తప్పే పిన్నీ.”

“ఇంకోటి. మేడమ్ ముందర, డబ్బులిచ్చినవాళ్లందరికీ అమ్ముతానన్నావు. వ్యాపారం అన్నావు. అంతేగా?”

“అవును పిన్నీ.”

“మరి నేనెవర్ని?”

సునీలకు అర్థం కాలేదు.

“ఇన్నేళ్లు సంచులు మోశా. టిక్కెట్లు నేనే కొనుక్కున్నా. ఎవరింట్లో ఏ పొడి అయిపోయిందో అన్నీ నేనే చూశా. ఎందుకు? పిన్నిని కాబట్టి. మన అమ్మాయి ఏదో సరదాగా చేసుకుంటంది, నాకూ పొద్దుపోద్ది అనుకున్నా. వ్యాపారమైతే మోసినవాళ్లకి కూలైనా ఉంటదిగా?”

“అదేంటి పిన్నీ, మనలో మనకి...” అని మొదలుపెట్టింది సునీల. మొదలుపెట్టాక ఆ గొంతు తనకే ఎక్కడో విన్నట్టు అనిపించింది. పక్క బల్ల మీద భర్త పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పేపరు తిరగబడి ఉంది.

మాట మధ్యలో ఆపేసింది. బస్సు వచ్చి ఆగింది. జనం కిటికీల్లోంచి తువ్వాళ్లు వేస్తున్నారు.

“ఎంత కావాలి పిన్నీ?”

“నూటికి ఇరవై.”

“ఇరవై రాదు పిన్నీ. గింజల రేటు తెలుసుగా. పైగా ఇవాళ జరిమానా.”

“జరిమానా నీ నోటికి పడింది, నా సంచికి కాదు.”

“పది.”

“పదికి చెరుకుపల్లి దాకా కూడా రాదు. సంచీ నువ్వే మోసుకో.” కనకరత్నం లేచి బస్సు ఎక్కింది. సునీల కిటికీ వెంట నడిచింది. “పన్నెండు పిన్నీ!” “పద్దెనిమిది, ఆపైన రైలు టిక్కెట్టు!” కండక్టరు రైట్ అన్నాడు. బస్సు కదిలింది. సునీల చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని పక్కనే పరుగులాంటి నడక నడిచింది.

“పదిహేను! టిక్కెట్టు నాది!”

కిటికీలోంచి గాజుల చెయ్యి బయటికొచ్చి సరేనన్నట్టు ఊగింది. ఆ వెనకే గొంతు. “వచ్చే బుధవారం వస్తా! భోజనానికి వంకాయ చెయ్యి!”

సునీల రొప్పుతూ వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుంది. నాగమల్లేశ్వరరావు పేపరు మడిచాడు. అటూ ఇటూ చూశాడు. తెలిసినవాళ్లెవరూ లేరని నమ్మకం కుదిరాక గొంతు తగ్గించి అడిగాడు.

“ఎంతకి తెగింది?”

“పదిహేనుకి.”

“టిక్కెట్టు?”

“మనదే.”

ఆయన నాలుక చప్పరించాడు. కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల మీద ఎన్నో బేరాలు చూసిన మనిషి. “తొందరపడ్డావే. బస్సు గేటు దాటేదాకా ఆగుంటే పన్నెండుకే వచ్చేది.”

“మీరు అమాయకులండీ” అంది సునీల, మొహం తుడుచుకుంటూ. “ఆవిడ లేకపోతే రేపల్లె మొత్తం పోద్ది.”